గ్రబ్ పుట్టుపూర్వోత్తరాలు

ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ వంటి రెండు మూడు ఆపరేటింగ్ సిస్టములు ఉన్నప్పుడు, వాటిలో దేన్ని నడిపించాలో తేల్చే బాధ్యత బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాముది. యంత్రానికి విద్యుత్తు అందగానే మదర్‌బోర్డులో స్థిరంగా ఉండే ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్, యంత్రభాగాలను పరీక్షించి, డిస్కు నుంచి ఈ లోడరును మెమరీలోకి ఎక్కించి, అధికారాన్ని దానికి అప్పగిస్తుంది. వాడుకరి ఏదీ ఎంచుకోనప్పుడు దానంతటదే మొదలయ్యే వ్యవస్థను డిఫాల్ట్ అంటారు. ఆ ఎంపికను ఎక్కడ రాసి ఉంచాలన్న ప్రశ్న బూట్ లోడర్ల చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో పాటు వచ్చిన డాస్ 2.0 కాలం నుంచి, హార్డ్ డిస్కులోని మొదటి సెక్టారుకు, అంటే మొదటి 512 బైట్లకు, ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఏర్పడింది. అందులో లోడరు కోడుకు దక్కేది 446 బైట్లే. తరువాతి 64 బైట్లలో నాలుగు పార్టిషన్ల, అంటే డిస్కు విభాగాల, వివరాలు ఉంటాయి. ఒక్కో వివరంలోని మొదటి బైటులో 128 ఉంటే ఆ విభాగం క్రియాశీలమని అర్థం. డిఫాల్ట్ అప్పట్లో ఆ ఒక్క బైటే. దాన్ని మార్చాలంటే ముందు ఏదో ఒక వ్యవస్థలోకి ప్రవేశించక తప్పేది కాదు.

1991లో లినక్స్ వచ్చిన కొద్దికాలానికే వెర్నర్ అల్మెస్‌బెర్గర్ రాసిన లీలో అనే లోడరు, బూట్ సమయంలోనే ఎంచుకునే వీలు కల్పించింది. అయితే దానికి ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి, అర్థం కాదు. కెర్నెల్ అనే వ్యవస్థ కేంద్రభాగం డిస్కులో ఏయే చోట్ల ఉందో ముందుగా గుర్తు పెట్టుకుంటుంది కనుక, కెర్నెల్ మారిన ప్రతిసారీ లీలోను మళ్లీ నడపాలి. మరిచిపోతే యంత్రం లేవకపోవచ్చు.

ఈ లోపాన్ని దాటిన గ్రబ్ అనే లోడరు వేరొక అవసరం కోసం పుట్టింది. 1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే వ్యవస్థను నడిపించే ప్రయత్నంలో ఉండగా, ప్రతి కెర్నెలూ తనదైన పద్ధతిలో బూట్ కావాలని కోరడం అడ్డంకి అయింది. బ్రయాన్ ఫోర్డ్‌తో కలిసి ఆయన మల్టీబూట్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించి, దాన్ని పాటించే లోడరును రాశారు. మొదటి సెక్టారులో చిన్న భాగాన్ని మాత్రమే ఉంచి, ఫైల్ సిస్టములను చదవగలిగే పెద్ద భాగాన్ని దాని ద్వారా పిలిపించడం గ్రబ్ బలం. 1999లో గోర్డన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజీ దాన్ని గ్నూ అధికారిక ప్యాకేజీగా స్వీకరించారు. పూర్తిగా తిరగరాసిన గ్రబ్ 2.00 వెర్షన్ 2012లో విడుదలైంది.

గ్రబ్ 2లో డిఫాల్ట్‌ను ఒక సెట్టింగుల ఫైలులోని గ్రబ్_డిఫాల్ట్ అనే వరుస నిర్ణయిస్తుంది. దాన్ని మార్చాక డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-గ్రబ్ అనే ఆదేశంతో మెనూను మళ్లీ తయారుచేయాలి. మెనూలోని అంశాలను సున్నా నుంచి లెక్కిస్తారు కనుక మూడవదాని సంఖ్య 2; అయితే మెనూలో పైన కొత్త అంశం చేరితే అదే సంఖ్య మరొకదాన్ని చూపుతుంది. అందుకే సంఖ్యకు బదులు అంశం పేరును రాయడం మేలు. 'సేవ్డ్' అని రాస్తే, లోడరు డిఫాల్ట్‌ను 1024 బైట్ల చిన్న ఫైలు నుంచి చదువుకుంటుంది. బూట్ దశలో ఫైల్ సిస్టమ్ అమరికను మార్చడం ప్రమాదకరం కనుక, గ్రబ్ ఆ ఫైలును పెంచకుండా, తగ్గించకుండా ఉన్న చోటే తిరగరాస్తుంది. ఇది ఎంతో ముందుచూపుతో చేసిన ఏర్పాటు. గ్రబ్-రీబూట్ ఆదేశంతో తరువాతి ఒక్కసారికి మాత్రమే వేరే వ్యవస్థను ఎంచుకునే సౌకర్యం కూడా ఈ ఫైలు మీదే ఆధారపడింది.

2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం ఫర్మ్‌వేర్ ప్రమాణాన్ని పాటించే నేటి కంప్యూటర్లలో, ఏ లోడరు ముందు రావాలో తెలిపే వరుస మదర్‌బోర్డు మెమరీలోనే ఉంటుంది. అంటే ఇప్పుడు డిఫాల్ట్‌లు రెండు: లోడర్లలో ఒకదాన్ని ఫర్మ్‌వేర్ ఎంచుకుంటుంది, వ్యవస్థలలో ఒకదాన్ని ఆ లోడరు ఎంచుకుంటుంది. గ్రబ్‌లో మార్పు సరిగానే చేసినా మెనూ కనిపించకుండా నేరుగా విండోస్ మొదలవుతుంటే, ముందుగా ఫర్మ్‌వేర్ సెట్టింగుల తెరలో ఆ వరుసను సరిచూసుకోవాలి.