కార్పెట్ కింద దొరికిన ఓక్ నేలకు ఏ పూత వేయాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో 1930లలో కట్టిన ఇల్లు కొన్నాం. ముందుగదిలో పాత కార్పెట్ ఎత్తి చూస్తే సన్నటి ఓక్ పలకల నేల బయటపడింది. గోడల పక్కన ఇంకా మెరుస్తోంది, మనుషులు నడిచే దారిలో మాత్రం బూడిదరంగుకు తిరిగింది. ఒకరు పాలియురెథేన్ వేయమంటున్నారు, ఒకరు నూనె పట్టించమంటున్నారు, ఇంకొకరు ముందు మిషన్ పెట్టి మొత్తం గీకించెయ్యమంటున్నారు. మాకు రోజూ తడిగుడ్డ పెట్టే అలవాటు. ఇంట్లో పాకే పాప ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: గీకించే మాట కాసేపు పక్కన పెట్టండి. పూత తప్పయితే మళ్లీ వేసుకోవచ్చు, గీకేసిన చెక్క తిరిగి రాదు.

ఆ కాలపు ఓక్ పలక సాధారణంగా రెండుంబావు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉంటుంది. ఒక పలక అంచు నాలుకలా పొడుచుకొచ్చి పక్క పలక గాడిలో దూరుతుంది. మేకులు ఆ నాలుక మీదే కొడతారు కాబట్టి పైకి కనిపించవు. ముప్పావు అంగుళం ఉన్నా అరిగించుకోవడానికి మనకు దక్కేది నాలుకకు పైన ఉన్న భాగమే. కొత్త పలకలో అది సుమారు పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్లు. మిషన్‌తో ఒకసారి పూర్తిగా గీకిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు పోతుంది. మీ ఇంటికి తొంభై ఏళ్లు. మీకు ముందున్న వాళ్లు ఒకటి రెండు సార్లు గీకించే ఉండొచ్చు. పైపొర పలచబడితే గాడి పెదవి విరుగుతుంది, మేకులు బయటపడతాయి. అక్కడితో ఆ నేల పని అయిపోయినట్టే. కొన్ని పాత ఇళ్లలో మొదటి నుంచే ముప్పాతిక సెంటీమీటరు మందం పలకలు వేసి, మేకులు పై నుంచే కొట్టారు. వాటిని గీకడం ఇంకా ప్రమాదం. నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంటే ఎత్తి చూడండి, లేకపోతే గుమ్మం దగ్గరి పట్టీ ఊడదీసి చూడండి. పలక అంచు కనిపిస్తుంది. పైన ఎంత మిగిలిందో స్కేలు పెట్టి కొలవండి. ఈ పది నిమిషాల పని చేయకుండా ఎవరినీ మిషన్ లోపలికి తీసుకురానివ్వకండి.

మరి పూత ఎందుకు? చాలామంది అనుకునేట్టు చెక్కను గట్టిపరచడానికి కాదు. పాలియురెథేన్ మూడుసార్లు వేసినా మొత్తం మందం మామూలు కాగితమంతే. స్టీలు బిందె జారిపడితే పూత ఎంత ఖరీదైనదైనా కింద చెక్క సొట్టపోతుంది. పూత చేసే పని వేరు: చెక్కకు బదులు తాను అరిగిపోవడం. మన ఊళ్లో పండగకు గోడలకు సున్నం వేసినట్టే దీన్నీ చూడాలి. సున్నం పోతుంది, మళ్లీ వేస్తాం, గోడ మిగులుతుంది. అందుకే "ఏది ఎక్కువ కాలం ఉంటుంది" అని అడిగే ముందు "అరిగినప్పుడు చెక్కను ముట్టుకోకుండా మళ్లీ వేయగలనా" అని అడగమంటాను. పాత నేల విషయంలో ఈ రెండో ప్రశ్నకే నా ఓటు.

పూతను అరగదీసేది పాదాలు కాదు, ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు మోస్ కాఠిన్య కొలతలో 7. గాజును కూడా గీయగలదు. చెప్పుల అడుగున ఇరుక్కుని వచ్చిన రేణువు ప్రతి అడుగుకూ ఉప్పుకాగితంలా రుద్దుతుంది. ఇక్కడ మన ఇళ్లకు గొప్ప వెసులుబాటు ఉంది: చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. బూట్లతో తిరిగే ఇంట్లో పూతకు ఉండాల్సినంత గట్టిదనం మన ఇంట్లో అక్కర్లేదు. కానీ నీటి విషయంలో మన అలవాటు నేలకు శత్రువు. గచ్చు మీద, షాబాదు బండల మీద బకెట్టు నీళ్లతో కడిగిన చేతులు మనవి. చెక్క బండ కాదు. వానాకాలంలో తలుపు బిగుసుకుని ఎండాకాలంలో వదులవ్వడం అందరం చూశాం. నేల పలక కూడా అంతే, తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరి ముడుచుకుంటుంది, పొడవులో మాత్రం దాదాపు కదలదు. అందుకే న్యూజెర్సీ చలికాలంలో హీటరు వేశాక పలకల మధ్య సందులు కనిపిస్తాయి, జూలైలో మూసుకుంటాయి. జనవరిలో ఆ సందుల్లో లప్పం నింపితే వేసవిలో పలకలు ఉబ్బి దాన్ని బయటికి నెట్టేస్తాయి. ఇంట్లో గాలి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే ఈ కదలిక తగ్గుతుంది. ఏ పూతా చెక్క కదలికను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది అంతే. పై నుంచి పడ్డ నీళ్లు సందుల్లోంచి కిందికి దిగితే అడుగున పూతే ఉండదు.

ఇప్పుడు మీ నేల మీద ఏముందో తెలుసుకోవాలి. ఇళ్లలో పాలియురెథేన్ వాడకం పెరిగింది 1960ల నుంచి. అంతకు ముందు నేలలకు షెల్లాక్, వార్నిష్, పైన మైనం. షెల్లాక్ అంటే మన లక్కే. ఏటికొప్పాక బొమ్మకు మెరుపునిచ్చే లక్క, వడ్రంగి తలుపుకు పట్టించే స్పిరిట్ పాలిష్, మీ న్యూజెర్సీ నేల మీది పాత పొర, మూడూ ఒకే పురుగు విసర్జించే బంక నుంచి వచ్చినవి కావచ్చు. గోడ మూలన, మెరుపు ఇంకా ఉన్న చోట ఒక చుక్క డీనేచర్డ్ ఆల్కహాల్ వేయండి. కాసేపటికి జిగురుగా మెత్తబడితే అది షెల్లాక్. మెత్తబడకపోతే వార్నిష్ గానీ పాలియురెథేన్ గానీ అయ్యుంటుంది. తెల్లగుడ్డను మినరల్ స్పిరిట్‌లో తడిపి రుద్దితే పసుపు, గోధుమ మరక అంటుకుందా? మైనం ఉన్నట్టు. చివరగా నడిచే దారిలో రెండు నీటి చుక్కలు వేసి చూడండి. పూసల్లా నిలిస్తే పూత బతికే ఉంది. కొద్ది నిమిషాల్లో ఇంకి చెక్క నల్లబడితే పోయింది.

పాప ఉందన్నారు కాబట్టి ఇంకో మాట. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మీ ఇల్లు అంతకంటే చాలా పాతది. పాత రంగులోనూ వార్నిష్‌లోనూ సీసం ఉండొచ్చు. పొరను ముక్కగా తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయించేదాకా ఒక్క అంగుళం కూడా పొడి లేచేట్టు గీకకండి. సీసం ధూళి నేల మీదే చేరుతుంది. పాకే పిల్లల చేతులు నేల మీదా నోట్లోనూ ఉంటాయి.

పూతలు ఎన్ని పేర్లతో అమ్మినా రెండే జాతులు: చెక్క మీద పొరగా కూర్చునేవి, చెక్కలోకి ఇంకేవి.

పొరగా కూర్చునే వాటిలో పాలియురెథేన్ పెద్దది. నూనె ఆధారమైనది తేనెరంగు తెస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా పసుపెక్కుతుంది. వాసన ఘాటు, పూతకూ పూతకూ మధ్య రోజంతా ఆగాలి, పూర్తిగా గట్టిపడటానికి నెల వరకు పట్టొచ్చు. నీటి ఆధారమైనది రంగు మార్చదు, రెండు మూడు గంటల్లో ఆరుతుంది, వాసన చాలా తక్కువ. గట్టిపరిచే ద్రవం విడిగా కలిపే రెండు డబ్బాల రకం అన్నిటికంటే దృఢం. నీటి ఆధారమైన ఏ పూతకు ముందూ నేలను స్టీలు పీచుతో రుద్దకండి. ఓక్‌లోని టానిన్‌కు ఇనుప ముక్క, నీళ్లు తగిలితే నల్లటి చుక్కలు పడతాయి. పొర పూతలకు ఒక లోపం ఉంది. గీత పడితే ఆ గీత వరకే సరిచేయడం కష్టం, అతుకు కనిపిస్తుంది. అయితే పొర చెక్కదాకా అరగకముందే పైపైన గరుకు చేసి ఇంకో పూత వేస్తే చెక్క చెక్కుచెదరదు. ఈ పనికి ఆలస్యం చేయకూడదు.

ఇంకే వాటిలో అవిసె నూనె, టంగ్ నూనె పాతవి. ఇప్పుడు యూరప్‌లో ఎక్కువగా వాడే మైనం కలిపిన నూనెలు వీటి వారసులు. చెక్క చెక్కలాగే కనిపిస్తుంది, కాలికి వెచ్చగా తగులుతుంది. మరక పడ్డచోట మాత్రమే రుద్ది మళ్లీ నూనె పట్టిస్తే చాలు. మరి నీళ్లు? గంటలు నిలిస్తే మచ్చ పడుతుంది. పసుపు, నెయ్యి, కొబ్బరినూనె వెంటనే తుడవాలి. ఒకసారి నూనె చెక్కలోకి పోయాక, పాలియురెథేన్ కావాలంటే గీకక తప్పదు.

షెల్లాక్‌ను ఈ రోజుల్లో చాలామంది తీసిపారేస్తారు. అది అన్యాయం. కొత్త పూత పాత పూతను కరిగించి అందులో కలిసిపోతుంది కాబట్టి అతుకే కనిపించదు. నీళ్లు నిలిస్తే మాత్రం తెల్లబడుతుంది.

మీకు నా సలహా ఇది. పరీక్షలో మైనం లేదని, సీసం లేదని తేలి, నడిచే దారి తప్ప మిగతా పూత బాగుంటే గీకించొద్దు. శుభ్రంచేసి, పైపైన గరుకు చేసి, నీటి ఆధారమైన పాలియురెథేన్ సగం మెరుపు కంటే తక్కువ ఉన్న రకం వేయించండి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లు, పాకే పాప, ఘాటు వాసనలు పడని పరిస్థితి, ఈ మూడూ దాన్నే కోరుతున్నాయి. ముందు మూలన చిన్న ముక్కకు వేసి, మర్నాడు నాణెం అంచుతో గీకి చూడండి. పొట్టులా లేస్తే కింద మైనం ఉన్నట్టే, అక్కడే ఆగండి. పాత పొర షెల్లాక్ అని తేలితే, జనం ఎక్కువ తిరగని పడగ్గదిలో షెల్లాక్‌నే మళ్లీ వేసుకోండి. పూజ గదికి నూనె పూత బాగుంటుంది, దీపం కింద పళ్లెం పెట్టేట్టయితే. తడిగుడ్డను గట్టిగా పిండాలి, చేయి పెడితే చెమ్మ తెలిసీ తెలియనట్టుండాలి. ఆవిరి మాప్ వద్దే వద్దు.

నూనె గానీ నూనె ఆధారమైన పూత గానీ వాడితే చివరి పని గుడ్డలది. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. అప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోదు, నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా 1991 ఫిబ్రవరి 23న ఇలాగే తగలబడింది. చెక్క పలకలకు మెరుగు పెట్టి వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పని ముగిసిన సాయంత్రం ఒక్క గుడ్డ కూడా చెత్తబుట్టలో వేయకండి. ఇంటికి దూరంగా, ఆరుబయట ఒక్కోటి విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ముంచండి.