గ్రీకు జానపద నృత్యం: ఊరి కూడలి నుంచి తరగతి గదికి

ఏథెన్స్ నగరంలోనూ, గ్రీకులు వలస వెళ్లి స్థిరపడిన ఆస్ట్రేలియా, అమెరికా నగరాలలోనూ సాయంవేళ సమాజ మందిరాలలో, చర్చి హాళ్లలో జానపద నృత్య తరగతులు జరుగుతుంటాయి. పిల్లలు, తల్లిదండ్రులు, వృద్ధులు చేతులు పట్టుకుని అర్ధవలయంగా నిలబడి అడుగులు నేర్చుకుంటారు.

ఒకప్పుడు ఈ నృత్యాలకు గురువు గాని, తరగతి గాని ఉండేవి కావు. 'పనిగిరి' అని పిలిచే గ్రామోత్సవంలో, పెళ్లిలో ఊరంతా కలిసి ఆడేది. పిల్లలు వరుస చివర చేరి పెద్దల అడుగులు చూస్తూ నేర్చుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం, 1946 నుంచి 1949 వరకు సాగిన అంతర్యుద్ధం, ఆ తరువాతి వలసలు అనేక గ్రామాలను ఖాళీ చేశాయి. ఊరు చేసిన పనిని తరగతి చేయవలసి వచ్చింది.

ఈ దిశగా ప్రయత్నం అంతకు ముందే మొదలైంది. రచయిత్రి కల్లిరోయి పరెన్ 1911లో ఏథెన్స్‌లో స్థాపించిన గ్రీకు మహిళల లైసియం సంప్రదాయ నృత్యాలను, దుస్తులను పరిరక్షించే పనిని చేపట్టింది. 1953లో డోరా స్ట్రాటూ తన పేరిట నృత్య సంస్థను నెలకొల్పారు. ఈ సంస్థ ప్రదర్శనలతో పాటు శిక్షణ కూడా ఇస్తోంది.

ప్రారంభ పాఠాలలో సాధారణంగా కనిపించేది 'కలమతియానోస్'. ఇందులో పన్నెండు అడుగులు, ఏడు మాత్రల తాళం. మాత్రలు మూడు, రెండు, రెండుగా విడిపోతాయి. కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తెలిసినవారికి ఈ లెక్క కొత్త కాదు. వరుస కుడివైపుగా కదులుతుంది. ముందున్న వ్యక్తికి, రెండో వ్యక్తికి మధ్య తరచుగా ఒక చేతిరుమాలు ఉంటుంది. దాని ఆసరాతో నాయకుడు గిరికీలు కొట్టి, గెంతి, తన నేర్పు చూపుతాడు. మిగిలినవారు స్థిరమైన అడుగుతో వరుసను నిలబెడతారు. ఎనిమిదేళ్ల బిడ్డ, అరవై ఏళ్ల అమ్మమ్మ ఒకే వరుసలో ఆడగలగడానికి కారణం ఇదే.

ప్రపంచానికి బాగా తెలిసిన 'సిర్తాకి' మాత్రం ప్రాచీన నృత్యం కాదు. 1964 నాటి 'జోర్బా ది గ్రీక్' చిత్రం కోసం రూపొందింది. దానికి ఆధారమైన 'హసాపికో' పాత నృత్యం.

తరగతికి పరిమితి కూడా ఉంది. ఒకే నృత్యం ఒక్కో ఊరిలో ఒక్కో తీరుగా సాగేది. అందరికీ ఒకే రూపం నేర్పితే ఆ తేడాలు మరుగున పడతాయి. వేదిక కోసం అడుగులను ముందే ఖాయం చేస్తే, నాయకుడు అప్పటికప్పుడు కల్పించుకునే స్వేచ్ఛ తగ్గుతుంది. అందుకే ఏ నృత్యం ఏ ప్రాంతానిది, ఏ సందర్భానిది అన్నది కూడా అడుగుతో పాటు నేర్పవలసి ఉంటుంది.

ఊరు మారినా సంప్రదాయం నిలవగలదనడానికి 'మొమొయేరియా' ఉదాహరణ. 1923 నాటి జనాభా మార్పిడితో నల్ల సముద్ర తీరంలోని పొంటస్ ప్రాంతం నుంచి గ్రీసుకు చేరిన శరణార్థుల వారసత్వం ఇది. కొజానీ ప్రాంతంలోని ఎనిమిది గ్రామాలలో కొత్త సంవత్సర వేళ నేటికీ జరిగే ఈ నృత్య వేడుకకు 2016లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. అక్కడ పిల్లలు పెద్దలను చూసి నేర్చుకుంటారు. అటువంటి ఊరు అందుబాటులో లేని పిల్లలకు, తాతల భాష ఇంట్లో వినిపించని కుటుంబాలకు, వారానికి ఒక సాయంత్రం జరిగే తరగతే ఆ వరుసలో చేరేందుకు మిగిలిన దారి.