లుప్తకంఠ పూరణ: పీటర్‌హౌస్ సంగీత ప్రతులు

తాళపత్రాలను పరిష్కరించే పండితునికి ప్రతిలో ఒక పత్రం లోపించడం కొత్త కాదు. లోపించినంత మేర గ్రంథపాతమని గుర్తించి మిగిలిన భాగాన్ని చదువుకొనవచ్చును. 16వ శతాబ్దపు ఐరోపా క్రైస్తవ ఆరాధనా సంగీత ప్రతులలో ఈ సౌకర్యం లేదు. పాలిఫొనీ అనే ఆ గానపద్ధతిలో నాలుగైదు కంఠాలు ఏకకాలంలో వేర్వేరు స్వరగతులను పాడతాయి. ఒక కంఠపు ప్రతి పోయినచో కృతి ఆద్యంతం విచ్ఛిన్నమైనట్లే.

కంఠాలన్నింటినీ ఒకదాని క్రింద ఒకటి చేర్చి వ్రాసే పద్ధతి ఈ ప్రతులలో సాధారణంగా కానరాదు. 1500-1505 ప్రాంతపు ఈటన్ గ్రంథం వంటి బృహత్ప్రతులలో, తెరచిన రెండు పుటల మీద ఒక్కొక్క కంఠానికి ఒక్కొక్క చోటు ఉంటుంది. గాయకులందరూ ఒకే పుస్తకం ముందు నిలిచి పాడేవారు. అందులో 224 పత్రాలకు 126 మాత్రమే మిగిలినా, విషయసూచిక దక్కినందున మొదట 93 కృతులుండేవని తెలియుచున్నది.

రెండవ పద్ధతిలో ఒక్కొక్క కంఠానికి ఒక్కొక్క పుస్తకం. కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌస్ కళాశాలకు చెందిన, 1540 ప్రాంతపు ప్రతులు ఈ కోవలోనివి. వీటిలో 72 కృతులున్నవి. పెక్కు మరెక్కడా లభించవు. 1549లో ఇంగ్లండులో లాటిన్ ఆరాధన స్థానంలో ఆంగ్లారాధన వచ్చిన పిమ్మట ఇట్టి గ్రంథాలనేకం నశించినవి. ఈ అయిదు పుస్తకాలలో టెనర్ కంఠపు పుస్తకం పూర్తిగా పోయినది. ట్రెబుల్ పుస్తకంలోనూ కొన్ని పత్రాలు లేవు.

చదవడమూ సులభం కాదు. నాటి లిపిలో స్వరచిహ్నపు కాలపరిమాణం పొరుగు చిహ్నాన్ని బట్టి మారుతుంది. త్రిగతిలో మూడు మాత్రల బ్రీవ్, తరువాత ఒంటి సెమీబ్రీవ్ వచ్చినచో రెండు మాత్రలకు తగ్గవచ్చును. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువగుట తెలిసినవారికి ఇది వింత కాదు. తాళవిభాగ రేఖలు లేవు. కొన్ని స్వరాల వికృతిని గాయకుడే ఊహించి పాడుకొనవలెను.

నిక్ శాండన్ దశాబ్దాల కృషితో ఈ లుప్తకంఠాన్ని పూరించాడు. టెనర్ కంఠం ప్రాచీన ప్రార్థనాగీతాన్ని ఆధారస్వరంగా మోయుచున్న చోట, ఆ గీతం ఇతర ప్రతులలో దొరికితే పూరణ దాదాపు నిశ్చితం. కంఠాలు ఒకదానినొకటి అనుకరించే చోట, మిగిలిన నాలుగింటి మధ్య ఖాళీయే ప్రవేశస్థానాన్ని సూచిస్తుంది. ఆ రెండూ లేనిచోట మిగిలేది నాటి శైలిజ్ఞానమొక్కటే. అట్టి భాగాలను పాఠమనుటకంటె పూరణమనుటే న్యాయం. అయినను పూరణ లేనిదే కృతిని పాడుటకు వీలు లేదు. బోస్టన్ నగరపు బ్లూ హెరన్ బృందం ఈ పూరణలతో కొన్ని కృతులను అయిదు సంపుటాలుగా ధ్వనిముద్రణ చేసినది. అయిదవ సంపుటానికి 2018లో గ్రామఫోన్ పత్రిక పురస్కారం లభించినది.