వార్తల్లో పదం: స్పూలర్
ధర్మవరం మగ్గంపై అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పేక నూలు చుట్టిన కండె ఉంటుంది. అలా నూలు చుట్టుకునేదాన్ని ఇంగ్లిష్‌లో స్పూల్ అంటారు. మనం ప్రింట్ కొట్టినవాటిని వరసకట్టి, ఒక్కొక్కటిగా ప్రింటర్‌కు వదిలే ప్రోగ్రామ్ పేరు స్పూలర్. ఒక్క ఫైలు ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగుతాయి. కండె చిక్కుపడిన మగ్గమే.

2021 జులైలో ఇది వార్తలకెక్కింది. 'ప్రింట్‌నైట్‌మేర్' అనే లోపంతో బయటివాళ్లు కంప్యూటర్‌ను చేజిక్కించుకోవచ్చని తేలింది. మైక్రోసాఫ్ట్ హడావుడిగా, కాలం చెల్లిన విండోస్ 7కు సైతం, మరమ్మతు పంపింది. ప్రింటింగ్‌లోనే ఉన్న మరో లోపానికి సెప్టెంబరులో కట్టుదిట్టం పెంచేసరికి, ముందుగది కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్ వెనకగది ల్యాప్‌టాప్‌కు అందకుండా పోయింది. తెరమీద ఎర్రర్ కోడ్‌గా సున్నాల బారు, చివర 11బి!

హిందూపురమైనా పెనుకొండైనా మందు ఒకటే: రెండు కంప్యూటర్లకూ అప్‌డేట్లు వేయడం. రిజిస్ట్రీలో ఓ విలువను సున్నా చేయమనే చిట్కా పనిచేస్తుంది గానీ, అది వేసిన తాళాన్ని తీసేయడమే. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్ ఆన్‌లో ఉందా (సగం గొడవ ఇక్కడే), నెట్‌వర్క్ 'ప్రైవేట్'గా ఉందా చూడండి. అప్పటికీ కదలకపోతే సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ను రీస్టార్ట్ చేయండి.