కొమ్మలు కొట్టువానికి కూలి యెంత?

పెరటి మామిడికొమ్మ వంటయింటి పెంకులపైకి వ్రాలిన దినమున గాని చెట్లు కొట్టువాడు మన జ్ఞప్తికి రాడు. అతడు వచ్చి, చుట్టును తిరిగి చూచి, యొక మొత్తము చెప్పును. మనము సగ మడుగుదుము. కొంత తర్కించి యతడు సమ్మతించును. బేరము గెలిచితిమని సంతసింతుమే గాని, తగ్గిన సొమ్ము దేనిలోనుండి తగ్గినదో విచారింపము. తఱచుగా నది త్రాటి ఖర్చు. లేదా క్రింద నిలిచి త్రాడు పట్టవలసిన రెండవ మనిషి కూలి.

ఇన్నాళ్లు మేస్త్రీ చేతిక్రింద దినకూలి చేసి, క్రొత్తగా స్వంతమున పనులొప్పుకొను వారికి ఈ చిక్కు మఱింత యెక్కువ. మేస్త్రీ యిచ్చిన కూలియే తమ వెల యని వారు భ్రమపడుదురు. ఱంపము, నిచ్చెన, మోకు మేస్త్రీవి. పని వెదకు శ్రమయు నతనిదే. ఇప్పు డవియన్నియు తమ నెత్తిపై బడినవి. అట్టి యింట లెక్క చూచు నిల్లాలు ముందుగా నొక కాగితము తీసికొనవలెను. ఉదాహరణమునకు, సంసారమునకును కొంచెము నిలువకును నెలకు 18,000 రూపాయలు కావలె ననుకొందము. త్రాళ్లు, ఱంపపు పదును, పెట్రోలు, బండి వీనికి 3,600; బీమాకును వైద్యమునకును 900. మొత్తము 22,500. దీనిని 30 దినములతో భాగించిన 750 వచ్చును. క్రొత్తవారు పొరబడునది ఇక్కడనే. వానలో నెక్కరాదు, ఈదురుగాలిలో నెక్కరాదు. బేరములకు దిరిగిన దినమున కూలి లేదు. నెలలో 18 దినములు పని దొరికిన మంచి నెలయే. అప్పుడు దినమునకు 1,250 కావలెను. సహాయకుని కూలి వేఱు. ఎవరి యంకెలు వారు వేసికొనవచ్చును గాని, పనిదినములతో భాగించుట మాత్రము మఱువరాదు.

కోనసీమలో కొబ్బరి దింపునకు చెట్టున కింత యని కూలి పలుకును. కొబ్బరిచెట్లన్నియు నించుమించుగ నొక్కటే రీతివి గనుక అది తగియున్నది. ఆ వాడుకను మామిడికిని చింతకును తగిలించుట న్యాయము కాదు. బయలున నున్న వేపకొమ్మ నఱికిన నేల బడును. అదే కొమ్మ యింటిపై నున్నచో త్రాటితో గట్టి ముక్కముక్కగా దింపవలెను. మునగ చూపునకు చిన్నదే, కాని పెళుసు. దాని నెక్కరాదు, నిచ్చెన వేయవలెను. కావున చెట్టు చూడక ఫోనులో వెల చెప్పువానిని నమ్మరాదు. చెప్పుమని మన మడుగనురాదు.

బరువైన కొమ్మను పైనుండి యొక్క కోతతో దించిన నది విఱుగుచు మ్రాని బెరడును చీల్చుకొనిపోవును. పని తెలిసినవాడు మ్రానునకు మూరెడు దూరమున మొదట క్రిందినుండి కొంత కోసి, దాని కావల పైనుండి కోసి బరువు దింపి, మిగిలిన మోడును కొమ్మ మొదట నుబ్బియుండు చోటికి వెలుపలగా కోయును. ఆ యుబ్బును చెక్కివేయరాదు; గాయము పూడునది అక్కడినుండియే. ఈ మూడు కోతలకు పట్టు కాలమునకు వెల యున్నది. చెట్టునంతను బోడిచేసి పోవువాడు చౌకగా కనబడును గాని, పిమ్మట పట్టులేని కొమ్మలు గుంపుగా మొలిచి, మరల కూలి పెట్టవలసివచ్చును.

తెలంగాణమున 2024లో ప్రభుత్వము గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేర రక్షణ సామగ్రి నిచ్చుట ప్రారంభించినది. తరతరములుగా తాడియెక్కు వారికే యది యావశ్యకమైనచో, పట్టణపు పెరటిలో చింత యెక్కు క్రొత్తవాని మాట చెప్పనేల? విద్యుత్తు తీగల దాపున నైనచో, ఆ శాఖవారు సరఫరా ఆపినగాని యెంత కూలికైనను ఎక్కింపరాదు.

“కట్టె నీవే తీసికొని కూలి తగ్గింపు” మనుట పూర్వపు వాడుక. కట్టెపొయ్యిల దినములలో అది సబబే. ఇప్పుడు మునగకట్టెను ఆకుచెత్తను మోసికొనిపోవుటకే బండి కూలి యగును. టేకు దుంగలకు వెల యున్నది గనుక అవి యెవరివో ముందే చెప్పుకొనవలెను. చెట్టును మొదలంట కొట్టుటకు 2002 నాటి ‘వాల్టా’ చట్టము క్రింద అనుమతి కావలసివచ్చును. ఆ తిరుగుడెవరిదో గూడ బేరములోనే తేలవలెను.

అతనికిని ధర్మ మొకటి కలదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున చెట్లు కూల్చినట్టి సమయములందు, ఇంటిపై వ్రాలి బిగిసిన మ్రానునకు ప్రమాదమును బట్టి యెక్కువ యడుగవచ్చును. నేలబడియున్న మ్రానునకు గిరాకి చూచి రెట్టింపడుగుట తగదు.

కూలి తగ్గవలె ననిన దారి లేకపోలేదు. మామిడికాపు దిగిన పిమ్మట వీథిలో మూడిండ్లవారు కూడి యొక్కనాడే పిలిచినచో, బండియు సహాయకుడును ఒక్క రాకతో సరిపోవును. ఆ మిగులును మూడిండ్లకు పంచి తగ్గింపుమని నిస్సంకోచముగా నడుగవచ్చును.