ఒళ్లు అందరిదీ, తల కంపెనీది

ఎలక్ట్రిక్ గిటార్ ఆకారం ఎవరి సొత్తు? అమెరికా, యూరప్ కోర్టుల్లో దాదాపు యాభై ఏళ్లుగా నలుగుతున్న తగువు ఇది.

2009 మార్చిలో అమెరికా ట్రేడ్‌మార్కుల బోర్డు ఇచ్చిన ఒక తీర్పులో నిఘంటువు ప్రస్తావన వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్ అంటే ఇలా ఉంటుందని చూపడానికి ఆ నిఘంటువు వేసిన బొమ్మ ఫెండర్ కంపెనీ వారి స్ట్రాటోకాస్టర్ రూపమే. ఒక తయారీదారుకు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది? కానీ ఆ కేసులో ఫెండర్‌ను ముంచిన వాటిలో ఆ బొమ్మ కూడా ఉంది. గిటార్ అనగానే జనానికి తట్టే ఆకారం ఇదే అయినప్పుడు, ఇది ఒక్క కంపెనీ గుర్తు ఎలా అవుతుందని బోర్డు అడిగింది. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్, ప్రెసిషన్ బాస్ మూడింటి బాడీ ఆకారాలనూ ట్రేడ్‌మార్కుగా నమోదు చేయడానికి ఒప్పుకోలేదు.

ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కథ మొదటి నుంచీ చూడాలి.

రేడియోలు బాగుచేసే మనిషి

మామూలు గిటార్‌కు బాడీయే గొంతు. బోలుగా ఉన్న ఆ పెట్టె కొలతలు మారితే నాదం మారిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ బాధ చాలావరకు లేదు. రాగితీగ చుట్టిన అయస్కాంతాలు, అంటే పికప్‌లు, తీగల కదలికను కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపుతాయి. బాడీ ఒట్టి చెక్కపలక అయినా చాలు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలోని ఎలక్ట్రిక్ మాండలిన్‌ను గుర్తు తెచ్చుకోండి. అంత చిన్న చెక్కలోంచి అంత నాదం రావడానికి కారణం ఇదే. కాబట్టి ఎలక్ట్రిక్ గిటార్‌ను ఏ ఆకారంలోనైనా కోయొచ్చు. అలాంటప్పుడు అందరూ అవే నాలుగైదు ఆకారాలు ఎందుకు కోస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. అందుకే వాయించేవాళ్లు చెప్పింది శ్రద్ధగా వినేవాడు. 1950లో వచ్చిన ఆయన తొలి గిటార్ పలక అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని కళాకారులు మొరపెట్టుకున్నారు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో వెనక పొట్ట దగ్గర, ముందు మోచెయ్యి ఆనే చోట చెక్కను నున్నగా చెక్కేశారు. మెడ చివరి మెట్ల దాకా వేళ్లు అందేలా రెండు వైపులా లోపలికి కోసి, రెండు కొమ్ములు మిగిల్చారు. ఆ గీతలు గీసిన వారిలో ముఖ్యుడు కంపెనీ ఉద్యోగి ఫ్రెడీ టవారెస్.

ఈ వివరాలు చట్టానికి చాలా ముఖ్యం. ట్రేడ్‌మార్కు కాపాడేది సరుకు ఎవరిదో చెప్పే గుర్తునే గానీ పనికొచ్చే ఏర్పాటును కాదు. చెయ్యి అందడానికి కోసిన కోత, పొట్టకు హాయిగా ఉండేలా చేసిన ఒంపు పనికొచ్చే ఏర్పాట్లు. వాటిని కాపాడుకునే దారి పేటెంటు, దానికేమో గడువుంటుంది. స్ట్రాటోకాస్టర్‌లో తీగలను వణికించే వంతెనకు లియో 1956లో పేటెంటు పొందాడు కూడా. బాడీ రూపురేఖను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని కంపెనీ దరఖాస్తు పెట్టింది మాత్రం 2003లో. అంటే గిటార్ పుట్టిన దాదాపు యాభై ఏళ్లకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అరువు తెచ్చుకున్న తల

హక్కుల సంగతిలో ఫెండర్‌కు తొలి పాఠం అవతలి వైపు నుంచి వచ్చింది. ఆ తొలి గిటార్‌కు మొదట పెట్టిన పేరు బ్రాడ్‌కాస్టర్. గ్రెచ్ కంపెనీ అప్పటికే దాదాపు అదే పేరుతో డ్రమ్ములు అమ్ముతోంది. అభ్యంతరం చెప్పగానే 1951లో ఫెండర్ వెనక్కి తగ్గింది. కొత్త పేరు కుదిరేదాకా స్టిక్కర్‌లో ఆ మాటను కత్తిరించేసి, ఒట్టి 'ఫెండర్' అన్న భాగమే అతికించి గిటార్లు పంపింది. తర్వాత పెట్టిన పేరే టెలికాస్టర్. పేరు లేని ఆ కొద్ది గిటార్లను సేకరించేవాళ్లు ముద్దుగా 'నోకాస్టర్' అంటారు, ఇప్పుడు వాటికి పెద్ద ధర పలుకుతుంది.

అంతకన్నా తమాషా మరొకటుంది. బాడీ దక్కకపోయినా హెడ్‌స్టాక్, అంటే బిరడలుండే తల భాగం, ఆకారం మీద ఫెండర్‌కు రిజిస్టరైన ట్రేడ్‌మార్కులు ఉన్నాయి. విడి మెడలు తయారుచేసే కంపెనీలు ఆ ఆకారం కోయాలంటే లైసెన్సు తీసుకుంటాయి. మరి ఆ తల ఎక్కడిది? ఆరు బిరడలూ ఒకే వైపున్న తలతో పాల్ బిగ్స్‌బీ అనే పనివాడు 1948లోనే గాయకుడు మెర్ల్ ట్రావిస్‌కు ఒక గిటార్ చేసి ఇచ్చాడు. దాన్ని స్ట్రాటోకాస్టర్ తల పక్కన పెడితే పోలిక ఎవరికైనా కనబడుతుంది. తనకు స్ఫూర్తి క్రొయేషియా జానపద వాద్యాలని లియో చెప్పుకున్నాడు. బిరడలన్నీ ఒక పక్కకే ఉన్న గిటార్లు 19వ శతాబ్దపు వియన్నాలోనూ ఉన్నాయి. ఎవరి మాట నిజమైనా, ఇవాళ కంపెనీ కట్టుదిట్టంగా కాపలా కాస్తున్న ఆకారం పూర్తిగా ఒక్కరి బుర్రలో మొలిచింది కాదు. చట్టానికి ఇది పట్టదు. ట్రేడ్‌మార్కులో మొదట ఎవరు కనిపెట్టారన్నది ప్రశ్న కాదు, చూడగానే జనానికి ఎవరు గుర్తొస్తారన్నదే ప్రశ్న.

జపాన్ నుంచి వచ్చిన గిటార్లు

1965లో ఫెండర్‌ను సీబీఎస్ సంస్థ కొన్నది. పోటీ కంపెనీ గిబ్సన్ కొన్నాళ్లకు నార్లిన్ సంస్థ చేతిలోకి వెళ్లింది. రెండు చోట్లా నాణ్యత తగ్గిందన్నది వాయించేవాళ్లలో స్థిరపడిన మాట. సరిగ్గా అప్పుడే జపాన్ నుంచి వాటి నకళ్లు తక్కువ ధరకు దిగాయి. మొదట్లో నాసిరకమే, కానీ 1970ల మధ్యకు వచ్చేసరికి అసలుకు దీటుగా నిలిచాయి. 1977లో నార్లిన్ కోర్టుకెక్కింది. ప్రతివాది ఐబనేజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ. ఫిర్యాదు దేని మీదో గమనించండి, బాడీ మీద కాదు. పైఅంచు తెరిచిన పుస్తకంలా ఉండే గిబ్సన్ తల ఆకారం మీద. వ్యవహారం రాజీతో ముగిసింది. ఐబనేజ్ సొంత ఆకారాల మీద దృష్టి పెట్టి పెద్ద కంపెనీ అయింది. ఆనాటి జపాన్ నకళ్లన్నిటికీ మాత్రం 'లాసూట్ గిటార్లు' అన్న పేరు స్థిరపడింది. అందులో చాలావాటి మీద ఏ దావా పడలేదు. అయినా అమ్మేవాళ్లు ఆ మాట చెప్పి ధర పెంచుతూనే ఉంటారు.

1982లో ఫెండర్ తానే జపాన్ వెళ్లి అక్కడ తయారీ మొదలుపెట్టింది. ఎంచుకున్న ఫ్యాక్టరీ ఫుజిజెన్, ఐబనేజ్ నకళ్లు తయారైన చోటే. తన చవక రకాలకు స్క్వయర్ అన్న పేరు పెట్టింది. నకలును ఓడించలేక, తన నకలును తానే తీసుకొచ్చిందన్నమాట.

ఇదంతా జరుగుతున్న దశాబ్దాల్లో బాడీ ఆకారాన్ని డజన్ల కొద్దీ కంపెనీలు వాడుకున్నాయి, ఫెండర్ ఊరుకుంది. 2003లో దరఖాస్తు పెట్టగానే స్టువార్ట్ స్పెక్టర్‌తో సహా పదిమందికి పైగా తయారీదారులు అడ్డం తిరిగారు. ఆరేళ్ల తర్వాత వాళ్లే గెలిచారు.

పొగ కమ్మిన బారు

గిబ్సన్‌ది వేరే తీరు, దానికి కోర్టు మెట్లంటే భయం లేదు. 1952 నాటి తన లెస్ పాల్ గిటార్ ఆకారానికి 1993లో ట్రేడ్‌మార్కు సంపాదించింది. 2000లో మేరీలాండ్‌కు చెందిన పాల్ రీడ్ స్మిత్ 'సింగిల్‌కట్' గిటార్ తేగానే దావా వేసింది. 2004లో కింది కోర్టులో గెలిచి ఆ గిటార్ తయారీనే ఆపించింది. 2005లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తలకిందులు చేసింది. గిబ్సన్ వాదనల్లో ఒకటి చదివితే నవ్వొస్తుంది. దుకాణంలో కొనేవాడు పొరపడడని కంపెనీయే ఒప్పుకుంది. కానీ పొగ కమ్మిన బారులో, దూరంగా స్టేజీ మీద గిటార్ చూసినవాడు లెస్ పాల్ అనుకుంటాడు కదా అన్నది. ఆ పొగలో కోర్టుకు ట్రేడ్‌మార్కు ఉల్లంఘన కనబడలేదు.

ఆ తర్వాత డీన్ అనే గిటార్ల కంపెనీ వంతు. 1958లో గిబ్సన్ తెచ్చిన ఫ్లయింగ్ వి, ఎక్స్‌ప్లోరర్ రెండూ అప్పట్లో ఘోరంగా దెబ్బతిన్నాయి. మొదటి విడతలో ఫ్లయింగ్ వి వంద దాకానే బయటికొచ్చింది. దాని రూపానికి తీసుకున్న డిజైన్ పేటెంటుకు ఆనాటి చట్టం ఇచ్చే గరిష్ఠ గడువు 14 ఏళ్లు. అది 1970ల తొలినాళ్లకే తీరిపోయి ఉండాలి. 1977 నుంచి డీన్ ఆ తరహా గిటార్లు అమ్ముతోంది. గిబ్సన్ 1990లలో వాటి ఆకారాలకు ట్రేడ్‌మార్కులు తీసుకుని, 2019లో డీన్ యజమాని ఆర్మడిల్లో మీద దావా వేసింది. అదే ఏడాది నకళ్లు చేసేవాళ్లను బెదిరిస్తూ ఒక వీడియో విడుదల చేసి, వాయించేవాళ్లు మండిపడితే తీసేసింది. 2022లో జ్యూరీ చాలావరకు గిబ్సన్ పక్షాన నిలిచింది. విధించిన నష్టపరిహారం 4,000 డాలర్లు, ఒక మంచి గిటార్ ఖరీదు. గిబ్సన్‌దే మరో ఆకారం, సగం బోలుగా ఉండే ఈఎస్, అందరి సొత్తు అయిపోయిందని అదే జ్యూరీ తేల్చింది. 2024లో అప్పీలు కోర్టు ఈ తీర్పునూ కొట్టేసింది. ఇతర కంపెనీలు దశాబ్దాలుగా ఆ ఆకారాలు వాడిన ఆధారాలను జ్యూరీకి చూపకపోవడం తప్పని చెప్పి, విచారణ మళ్లీ జరపమంది.

యూరప్‌లో ఫ్లయింగ్ వి కథ త్వరగానే తేలిపోయింది. 2019 జూన్‌లో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు దాని ట్రేడ్‌మార్కును సంగీత వాద్యాల వరకు రద్దు చేసింది. 1958లో అది వింత ఆకారమే కావచ్చు, 2010లో దరఖాస్తు నాటికి మార్కెట్లో అలాంటి ఆకారాలు బోలెడు అన్నది కోర్టు మాట.

అయితే యూరప్‌లో ఇంకో తలుపు తెరుచుకుంది, అది కాపీరైటు. వాడుక వస్తువైనా అందులో సృష్టికర్త స్వేచ్ఛగా చేసిన ఎంపికలుంటే కాపీరైటు దక్కుతుందని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2019లో ఒక జీన్స్ కేసులోనూ, 2020లో ఒక మడత సైకిల్ కేసులోనూ చెప్పింది. అమెరికాలో పుట్టిన డిజైన్‌కూ ఇది వర్తిస్తుందని 2024 అక్టోబరులో ఒక కుర్చీ కేసులో తేల్చింది. కాపీరైటు సృష్టికర్త మరణించాక 70 ఏళ్లు ఉంటుంది. లియో 1991లో పోయాడు. లెక్క ఎంత దూరం పోతుందో చూడండి. ట్రేడ్‌మార్కుతో దక్కని ఆకారాన్ని ఈ దారిలో బిగిస్తే, యాభై ఏళ్లుగా బాహాటంగా ఆ గిటార్లు చేస్తున్న చిన్న పనివాళ్లే ముందు నలిగిపోతారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. పైగా అసలు సృష్టికర్త లియోనా, టవారెస్సా, పక్కటెముకలు నొప్పన్న వాద్యకారుడా?

మన దగ్గర

మన దేశంలో ఆ తలుపు దాదాపు మూసే ఉంది. డిజైన్‌గా నమోదు చేయదగ్గ రూపాన్ని నమోదు చేయకుండా యాభై కంటే ఎక్కువ సార్లు పరిశ్రమ పద్ధతిలో తయారుచేస్తే, దాని మీద కాపీరైటు పోతుందని 1957 కాపీరైటు చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ. కోల్‌కతా గిటార్లతో చెయ్యి తిప్పుకున్న తరానికి 'గివ్‌సన్' పేరు గుర్తుండే ఉంటుంది, ఒక్క అక్షరమే తేడా మరి!

కొనేవాళ్లు ఒక్కటి చూసుకోండి. స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉండి తల మీద తన పేరే రాసుకున్న గిటార్‌ను నిశ్చింతగా కొనొచ్చు. పదివేలకే ఫెండర్, గిబ్సన్ పేర్లు కనిపిస్తే అది నకిలీ. అలా పేరు వేసి అమ్మడం మన ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలుకు దారితీసే నేరం.

సొంతంగా గిటార్లు చెక్కుతున్న కుర్రాళ్లకు ఇంకో మాట. ఒకసారి లోకానికి చూపిన డిజైన్‌ను మన చట్టం కొత్తదిగా లెక్కించదు. కొత్త ఆకారం గీస్తే దాని ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకముందే కోల్‌కతాలోని డిజైన్ల కార్యాలయానికి దరఖాస్తు పంపండి.