పడవకు ఇంజనా? ఇంజనుకు పడవా?

మన తాతల కాలంలో కోస్తా జిల్లాల పల్లెల్లో రంగూన్‌ని “రంగం” అనేవారు. “మావాడు రంగం వెళ్ళాడు” అంటే నాలుగు డబ్బులు సంపాదించుకు రావడానికి సముద్రం దాటాడని అర్థం. ఇక్కడివాళ్ళేమో మనవాళ్ళని “కోరంగీలు” అన్నారు. అది కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు. 1839 తుపానుకి ఆ రేవు దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. పేరు మాత్రం బర్మా చేరిన ప్రతి తెలుగువాడికీ అంటుకుంది. కోరంగీ, దాని పక్కనున్న తాళ్ళరేవూ చెక్క ఓడలు కట్టడంలో పేరు మోసిన ఊళ్ళు. కనుక యాంగోన్‌లో ఉన్న మనలో కొందరికి పడవ పిచ్చి పట్టిందంటే వింతేమీ లేదు.

ఆ కొందరు ఒక పాత నమూనా సంపాదించి సొంతంగా చెక్క పడవ కట్టుకోవాలని ఉబలాటపడుతున్నారు. నమూనా గీసినవారు మధ్యలో చిన్న డీజిల్ ఇంజను పెట్టమన్నారు. మనవాళ్ళకి మాత్రం వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజను కావాలి. “అది తీసేసి ఇది తగిలిస్తే సరిపోదా?” అన్నది ప్రశ్న. సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ వ్యాసం. ఆ పడవలో ఎక్కేది మన పిల్లలే కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకుందాం.

నది సంగతి

ఇన్యా సరస్సు వేరు, యాంగోన్ నది వేరు. పున్నమికీ అమావాస్యకీ ఈ నదిలో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం ఐదు మీటర్లకు పైగా మారుతుంది. ఆ నీరంతా ఆరేడు గంటల్లో దిగిపోవాలి కనుక ప్రవాహం నాలుగు నాట్లు దాటుతుంది. పన్సొదాన్ రేవు నుంచి దల వైపు వెళ్ళే సంపాన్లను గమనించండి. ఎదుటి రేవుకి సూటిగా గురిపెట్టరు, ప్రవాహానికి ఎదురుగా ఏటవాలుగా నడుపుతారు.

మామూలు పడవ నీటిని చీల్చుకుంటూ పోతుంది. అలా పోయే పడవ వేగానికి ఒక హద్దుంది. నీటిని తాకే పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 16 అడుగులైతే నాలుగు నాలుగుల పదహారు కనుక వర్గమూలం నాలుగు, హద్దు సుమారు 5.4 నాట్లు. నాలుగు నాట్ల ప్రవాహానికి ఎదురెళితే మిగిలేది ఒకటిన్నర నాటు కన్నా తక్కువ. ఒడ్డున నడిచేవాడు మనని దాటిపోతాడు! పెద్ద ఇంజను మీద మనసు పోయేది ఇక్కడే.

బరువు ఎక్కడ పడుతుంది?

ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన ఔట్‌బోర్డ్ ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, బరువు 62 పౌన్లు. తెడ్డు పడవకి దాన్ని బిగించినా పెద్ద తేడా వచ్చేది కాదు. ఈనాటి 15 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజను బరువు 50 కిలోల దాకా ఉంటుంది.

“డీజిల్ ఇంజను నూరు కిలోలు, ఇది యాభై. బరువు తగ్గింది కదా!” అంటారు. అసలు చూడవలసింది ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నది. డీజిల్ ఇంజను పడవ నడుములో, అడుగున కూర్చుని ఒరగకుండా కాస్తుంది. ఔట్‌బోర్డ్ పడవ చివర, అంచుకు పైన వేలాడుతుంది. ఊగిసలాటలో పిల్లలు కూర్చునే తీరే ఇందుకు ఉదాహరణ. మధ్యలో లావుపాటివాడు కూర్చున్నా బల్ల కదలదు, చివర బక్కపలచనివాడు కూర్చుంటే వంగిపోతుంది.

లెక్క చూద్దాం. పడవ మధ్య నుంచి చివరికి 2.4 మీటర్లు. 50 కిలోలను 2.4తో గుణిస్తే 120. వెనకభాగాన్ని ఇంత కిందికి నొక్కుతున్నామన్నమాట. దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. 20 కిలోల పెట్రోలు ట్యాంకును వెనక నుంచి మూడు మీటర్లు ముందుకు జరిపితే 60 తగ్గుతుంది. ఇంజను పిడికి పొడుగు కర్ర తగిలించి, 65 కిలోల చోదకుణ్ణి ఒక మీటరు ముందుకు కూర్చోబెడితే మరో 65. మొత్తం 125. పైసా ఖర్చు లేకుండా తూకం కుదిరింది. కానీ ఈ లెక్క పలకలు కోయకముందే వెయ్యాలి. బల్లలు బిగించాక ట్యాంకు పట్టే చోటుండదు.

వెనక గోడ

ఔట్‌బోర్డ్ బిగించే వెనక పలకను ట్రాన్సమ్ అంటారు. నీళ్ళు రాకుండా ఆపడమే పాత నమూనాలో దాని పని. ఇప్పుడు పడవను నెట్టే బలమంతా దాని మీదుగానే రావాలి. ప్రొపెల్లర్ కింద ఉండి ముందుకు తోస్తుంది గనుక, ఇంజను బిగింపు ట్రాన్సమ్ పైఅంచును వెనక్కి లాగుతుంది, కిందిభాగాన్ని లోపలికి నొక్కుతుంది. ఒక అంగుళం పలక దీనికి చాలదు. ఒకటిన్నర అంగుళాలకు తగ్గకుండా దళసరి చేసి, లోపలి వైపు మోకాళ్ళలాంటి వంపు కర్రలతో అడుగు దూలాలకు కలపాలి. మరతో బిగించే క్లాంపులు అదురుకి వదులవుతాయి, కనుక ఆరపార బోల్టులు వేసి, గొలుసు కూడా కట్టాలి. కర్రకి ఇక్కడ కరువు లేదు. టేకు ఉంది, బర్మా పడవల వాళ్ళు తరతరాలుగా నమ్ముకున్న తింగాన్ ఉంది.

ఎత్తు విషయంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఔట్‌బోర్డులు 15 అంగుళాల ట్రాన్సమ్‌కి ఒకటి, 20 అంగుళాల ట్రాన్సమ్‌కి ఒకటి, ఇలా వేరువేరు పొడవుల్లో వస్తాయి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. అది పడవ అడుగుకి సమానంగా, లేదా ఒక అంగుళం కిందగా ఉండాలి. మరీ పైకుంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది. మరీ కిందికుంటే ఈడ్పు ఎక్కువ. ఇంజను చేతికొచ్చింది కదా అని ట్రాన్సమ్‌ని 15 అంగుళాలకి కోసేస్తే, పడవ చుట్టూ గోడ కట్టి వెనక గుమ్మం తీసినట్టే. వెనక నుంచి వచ్చే ఫెర్రీ అల నేరుగా లోపలికి దిగుతుంది. పొడుగు ఇంజను కొనడం మేలు. ఏది కొన్నా ట్రాన్సమ్ ముందు మరో అడ్డుగోడ కట్టి, మధ్యలో తొట్టిలాగా చేసి, పడ్డ నీరు బయటికి పోయేలా రంధ్రాలు పెట్టాలి.

అడుగు వంపు

సంపాన్ అడుగు అరటిదొన్నెలా వెనక్కి పైకి వంగి ఉంటుంది. తెడ్డుకి అది అద్భుతమైన ఆకారం. పెద్ద ఇంజను పెడితే ఆ వంపు వెంట నీరు వేగంగా జారి, వెనకభాగాన్ని కిందికి పీలుస్తుంది. అణియం ఆకాశం చూస్తుంది, అమరం నీళ్ళలో కూరుకుపోతుంది, చోదకుడికి ఎదురుగా ఏముందో కనబడదు. పెట్రోలు ఖర్చవుతుందే గాని వేగం పెరగదు. నీటి మీద తేలి పరుగెత్తాలంటే అడుగులో వెనక మూడోవంతు తిన్నగా, వెడల్పుగా ఉండాలి. అది గీతల్లోనే మార్చుకోవాలి. అలా మార్చడం ఇష్టం లేకపోతే ఐదారు హార్స్‌పవర్‌తో సరిపెట్టుకుని, పాటు తగ్గేదాకా ఆగి నది దాటడం మంచిది.

ఇక ఇన్లే సరస్సు పడవలవాళ్ళ పద్ధతి చూడండి. డీజిల్ ఇంజను పడవలోనే ఉంటుంది. దాని నుంచి పొడుగాటి కడ్డీ వెనక్కి సాగి, చివర ప్రొపెల్లర్ తిరుగుతుంది. నాచు తగిలితే కడ్డీ ఎత్తేస్తారు. చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, నిజమే. కాని పడవ ఆకారాన్ని మార్చకుండా, దానికి తగ్గట్టు ఇంజనును అమర్చుకున్నారు. ఔట్‌బోర్డ్ కొన్న మనం ఇంజనుకి తగ్గట్టు పడవను మార్చుకోవాలి. రెండూ మంచి దారులే. ఏదీ మార్చకపోవడమే ప్రమాదం.

నీట దించే ముందు

పాత ఇంజను కడ్డీ కోసం అడుగున వదిలిన రంధ్రం నమూనాలోంచి తీసేయండి. అడుగున ఉండే కీల్‌ని ట్రాన్సమ్‌కి ఒక అడుగు ముందే సన్నగా ముగించండి, లేకపోతే ప్రొపెల్లర్‌కి గజిబిజి నీరు అందుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మూసిన అరల్లో అడుగున పేరుకుంటుంది, కనుక ట్యాంకు గాలాడే చోట ఉండాలి. నీరు నిండినా పడవ మునగకుండా పక్కల్లో, ముఖ్యంగా ఇంజను దగ్గర, ఫోమ్ నింపాలి. చోదకుడు పడిపోతే ఇంజను ఆగిపోయే తాడు మణికట్టుకి కట్టుకోవాలి.

మొదటిరోజు మనుషుల్ని కాదు, ఇసుక బస్తాల్ని ఎక్కించండి. పోటు నిలిచిన వేళ, ఒడ్డు దగ్గర, ఒక్కొక్క బస్తా వెనక్కి జరుపుతూ ట్రాన్సమ్ అంచుకీ నీటికీ మధ్య ఎన్ని అంగుళాలు మిగిలాయో గీత గీసుకోండి. ఆ గీత తృప్తిగా ఉన్నాకే లైఫ్ జాకెట్లు తొడిగి పిల్లల్ని పిలవండి.

ఉగాది వెనకే ఇక్కడి నీళ్ళ పండుగ తింజాన్ వస్తుంది. ఈసారి మన పడవలు కూడా నీటికెక్కాలనీ, ఎక్కినవాళ్ళందరూ నవ్వుతూ ఒడ్డు చేరాలనీ కోరుకుంటూ, సభ్య కుటుంబాలందరికీ ఉగాది శుభాకాంక్షలు.